ఈ ఒడ్డు లెక్క

మా ఉపకేంద్రంలో పదకొండు రిజిస్టర్లు.
గర్భిణులది, బాలింతలది, సూదులది, జ్వరాలది,
పుట్టినోళ్లది, పోయినోళ్లది.
పన్నెండోది సర్కారు అడగనిది.
అట్ట మీద మరాఠీలో పేరు లేదు, ముద్ర లేదు.
లోపల, జనవరి ఒకటి నుంచి,
ఈ జిల్లాలో నా కంటికి ఆనిన పిట్టలు.

నియమం ఒక్కటే: గడ్చిరోలి గాలిలో ఎగరాలె.
నది నడుమ దాకా మనది.
కాళేశ్వరం గుడిగంట సిరోంచ దాకా వినబడుతది గానీ
ఆ గంటకు లేచిన పావురాలు నావి కావు.

మొదటిది కాకి. ఎవరి లెక్కైనా కాకితోనే.
పదిహేడోది పాలపిట్ట, అంకీసా తోవలో కరెంటు తీగ మీద.
బస్సు కండక్టరు దాన్ని నీలకంఠ్ అంటడు.
టీకా డబ్బా మోసే మాడియా పిలగాడు లాల్సు
ఇంకో పేరన్నడు, మళ్లీ అనుమంటే మళ్లీ అన్నడు,
ఆ పలుకు నా అక్షరాల్లో కూర్చోలే.
రెండు పేర్లు రాసి మూడోదానికి జాగ వదిలిన.

మాఘంలో ఇసుకతిన్నెల మీద బాపన బాతులు.
జాడి పొచ్చయ్య పడవ మీద తీస్కపోయి
"మాట్లాడకు బిడ్డా, దగ్గకు" అని
తనే దగ్గిండు.
అరవై నాలుగు, ఎగిరిపోతుంటే రాసిన.
ఆ గీతలు ఇప్పటికీ వంకరే.

డబ్బాలో మంచు కొన్ని గంటలన్నా ఆగుతది,
పిట్ట ఆగదు.
అసరల్లి దాటినంక టేకుల కింద బండి నిలిపి
కొమ్ముకాసిరి కోసం మెడ పట్టేసేదాకా చూసిన.
తొంభై రెండు.
ఆలస్యానికి డాక్టరమ్మ నోటీసు ఇచ్చింది,
దాన్నీ ఈ పుస్తకంలోనే మడిచి పెట్టిన.

పిచ్చుకను రాయడం జూన్ దాకా మరిచిన!
మీటరు పెట్టెలో దాని గూడు, కింద నా కుర్చీ,
రిజిస్టర్ల మీది గడ్డిపోచలు రోజూ దులుపుతనే ఉన్న.
ఎర్రసిరాతో రాసిన, సిగ్గుతో.

శ్రావణం పేజీలో ఒకటే మాట.
వాన. వాన. వాన.
ప్రాణహిత పొలాలెక్కింది.
ఆ నీళ్ల మీదనే ఓ రాత్రి, పొచ్చయ్య పడవలో,
ఆవలి ఒడ్డు నుంచి తల్లిగారింటికొస్తున్న సారక్క కాన్పు.
లాంతరు ఒక చేత, బొడ్డు ఒక చేత.
పడవ నడిమి దాటిందా అంటే
దాటలే. ఆవలి చింతకొమ్మ మా తలల మీదనే ఉండె.
బిడ్డ ఏడ్చే ముందర నీళ్ల మీద ఏదో పిట్ట అరిచింది.
ఏదో ఎరుక లేదు, రాయలే.
తెల్లారి రాసింది ఇదీ:
ఆడపిల్ల, రెండు కిలోల నాలుగు వందలు,
పుట్టిన స్థలం సిరోంచ.

డిసెంబరు ముప్పై ఒకటి. నూట నలభై తొమ్మిది.
వంతెన నడుమ, ఇనుప అతుకు మీద నిలబడ్డ.
లారీ పోయినప్పుడల్లా కాళ్ల కింద ఏడాదంతా వణికింది.
ఆవలి గుట్టల మీంచి లేచింది రాబందు,
రెక్క కదపకుండ, సుట్టు మీద సుట్టు,
అతుకు దాకా వచ్చి, మళ్లింది.
మళ్లా వచ్చింది. మళ్లా మళ్లింది.
పొద్దు దాని వెనక వాలుతుంటే
నీడ ఒక్కటే ఇసుక మీద జారి
ఈ ఒడ్డెక్కి పుచ్చతోటల మీదుగ పోయింది.

"రాస్కో బిడ్డా," అన్నడు పొచ్చయ్య,
"ఆధార్ కార్డు అడుగుతవా దాన్ని?"

నవ్విన గానీ రాయలే.
పడవల పుట్టిన పిల్లకు ఒక ఒడ్డు కావాలె,
బియ్యం కావాలె, బడి కావాలె.
దీనికేం కావాలె,
చచ్చిన ఎద్దు, ఇంత ఎత్తు గాలి.

నూట యాభై పక్కన తేదీ వేసి
"నీడ" అని పెన్సిలుతో పెట్టి
ఐదున్నర బస్సుకు చెయ్యెత్తిన.